ఆస్కార్ తూకంలో సైన్స్ ఫిక్షన్: బహుమతి దేనికి? భౌతికశాస్త్రం ఎక్కడ?

2023 మార్చి 12న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన 95వ ఆస్కార్ వేడుకను తెలుగువారు ‘నాటు నాటు’ పాటతో గుర్తుపెట్టుకున్నారు. ‘ఆర్ఆర్ఆర్’లోని ఆ పాటకు సంగీత దర్శకుడు ఎం.ఎం. కీరవాణి, రచయిత చంద్రబోస్ ఉత్తమ ఒరిజినల్ సాంగ్ పురస్కారం అందుకున్నారు. ఆ రాత్రే అదే వేదికపై మరో విశేషం కూడా జరిగింది. సమాంతర విశ్వాల మధ్య తిరిగే ఒక సాధారణ మహిళ కథ ‘ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్’ ఉత్తమ చిత్రంగా నిలిచింది. ఉత్తమ దర్శకత్వం, ఉత్తమ నటి సహా మొత్తం 7 ఆస్కార్లు గెలుచుకుంది.

సైన్స్ ఫిక్షన్ చిత్రానికి ఇంతటి గౌరవం అరుదు. దశాబ్దాలుగా ఈ తరహా సినిమాలకు ఆస్కార్లు వస్తూనే ఉన్నాయి. కానీ వాటిలో ఎక్కువ భాగం విజువల్ ఎఫెక్ట్స్, శబ్దం, కళాదర్శకత్వం వంటి సాంకేతిక విభాగాల్లోనివే. ఎందుకిలా? ‘ఆస్కార్ గెలిచిన సైన్స్ సినిమా’ అని వినగానే అందులోని సైన్స్ కూడా సరైనదేనని ప్రేక్షకుడు అనుకోవచ్చా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతకాలంటే ముందుగా ఓట్లు ఎవరు వేస్తారో చూడాలి.

ఓటు ఎవరిది?

ఆస్కార్లను ఇచ్చే అకాడమీ సభ్యులు నటులు, దర్శకులు, రచయితలు, ఎడిటర్లు, విజువల్ ఎఫెక్ట్స్ నిపుణులు ఇలా శాఖలుగా విడిపోయి ఉంటారు. నామినేషన్ల దశలో చాలా విభాగాలను ఆయా శాఖలవారే చూసుకుంటారు. నటనకు నటులు, ఎడిటింగ్‌కు ఎడిటర్లు, విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆ రంగం వారు ఓటేస్తారు. ఉత్తమ చిత్రం నామినేషన్లకు మాత్రం అన్ని శాఖలవారూ ఓటేయవచ్చు. తుది దశలో సభ్యులందరూ విజేతలను ఎన్నుకుంటారు.

అన్ని శాఖల్లోకీ పెద్దది నటుల శాఖ. ముసుగుల వెనుక, నీలి తెరల ముందు, కంప్యూటర్ బొమ్మల మధ్య సాగే సినిమాలో నటనను గుర్తించడం వారికి అంత సులువు కాదు. ‘ఏలియన్స్’ (1986) చిత్రానికి సిగోర్నీ వీవర్ ఉత్తమ నటి నామినేషన్ పొందడం ఇప్పటికీ ప్రత్యేకంగా చెప్పుకునే విషయమైందంటే కారణం అదే. విజువల్ ఎఫెక్ట్స్ శాఖ పరిస్థితి వేరు. అక్కడ ‘ఇది ఎలా చేశారు?’ అన్నదే మొదటి ప్రశ్న. సైన్స్ ఫిక్షన్‌కు అది సొంత మైదానం.

గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఈ శాఖల్లో శాస్త్రవేత్తల శాఖ లేదు. శాస్త్రీయంగా సరిగా ఉన్నందుకు మార్కులు వేసే విభాగమూ లేదు. తెరపై కనిపించింది నమ్మశక్యంగా ఉందా లేదా అన్నదానికే ఓటు పడుతుంది. నమ్మశక్యంగా ఉండటం వేరు, నిజం కావడం వేరు. కొన్ని సినిమాల్లో ఈ రెండూ కలుస్తాయి, కొన్నింటిలో విడిపోతాయి. అది ఎక్కడెక్కడ జరిగిందో చూస్తే ఈ బహుమతుల చరిత్ర మంచి భౌతికశాస్త్ర పాఠమవుతుంది.

1968: తిరిగే చక్రం, నిలబడ్డ మనిషి

స్టాన్లీ కుబ్రిక్ తీసిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ 1968 ఏప్రిల్‌లో విడుదలైంది. చంద్రుడిపై మనిషి కాలు మోపడానికి ఇంకా ఏడాదికి పైగా సమయం ఉంది. ఈ సినిమాకు 4 నామినేషన్లు దక్కాయి. ఉత్తమ చిత్రం వాటిలో లేదు. గెలిచింది ఒక్కటే, విజువల్ ఎఫెక్ట్స్‌కు. ప్రపంచ సినిమాలో అగ్రశ్రేణి దర్శకుడిగా పేరున్న కుబ్రిక్ జీవితంలో అందుకున్న ఆస్కార్ కూడా అదొక్కటే.

అందులో వ్యోమగామి ఒక పెద్ద చక్రం లోపలి అంచు వెంబడి పరుగెత్తుతూ చుట్టూ తిరిగి వస్తాడు. ఆ సన్నివేశం కోసం బ్రిటన్‌కు చెందిన వికర్స్-ఆర్మ్‌స్ట్రాంగ్ ఇంజినీరింగ్ కంపెనీ సుమారు 38 అడుగుల వ్యాసం ఉన్న చక్రాన్ని నిజంగానే కట్టింది. ఖర్చు సుమారు 7.5 లక్షల డాలర్లు. చక్రం నెమ్మదిగా తిరుగుతుంటే నటుడు ఎప్పుడూ అడుగు భాగంలోనే ఉంటూ పరుగెత్తాడు. కెమెరాను చక్రానికే బిగిస్తే చక్రం కదలనట్టు, మనిషే గోడలెక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తుంది.

ఇది కెమెరా మాయే అయినా, దాని వెనుక ఉన్న ఆలోచన నికరమైన భౌతికశాస్త్రం. తిరిగే చక్రం అంచున ఉన్న వస్తువు ప్రతి క్షణం సరళరేఖలో దూసుకుపోవాలని చూస్తుంది. నేల దానిని కేంద్రం వైపు నెడుతుంది. ఆ నెట్టుడే పాదాలకు బరువులా తెలుస్తుంది. దీనివల్ల కలిగే త్వరణం రెండింటిపై ఆధారపడుతుంది: చక్రం వ్యాసార్ధం, అది తిరిగే వేగం. వేగం రెట్టింపైతే త్వరణం నాలుగు రెట్లవుతుంది.

లెక్క వేసి చూద్దాం. 38 అడుగుల చక్రం వ్యాసార్ధం దాదాపు 5.8 మీటర్లు. అందులో భూమి మీద ఉన్నంత బరువు కావాలంటే నిమిషానికి 12 సార్లకు పైగా తిరగాలి. చంద్రుడిపై ఉన్నంత బరువు చాలనుకుంటే నిమిషానికి 5 సార్లు సరిపోతుంది. అయితే చిన్న చక్రానికి ఒక చిక్కు ఉంది. నిలబడ్డ మనిషి తల, పాదాల కంటే కేంద్రానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి పాదాల దగ్గర కంటే తల దగ్గర బరువు దాదాపు 30 శాతం తక్కువ. పైగా అంత వేగంగా తిరుగుతూ తల అటూ ఇటూ తిప్పితే చెవిలోని సమతౌల్య వ్యవస్థ గందరగోళపడి వికారం పుడుతుంది. నిమిషానికి 2 సార్లే తిరుగుతూ భూమి మీద ఉన్నంత బరువు రావాలంటే వ్యాసార్ధం సుమారు 224 మీటర్లు ఉండాలి. సుదూర అంతరిక్ష యాత్రల కోసం కృత్రిమ గురుత్వం గురించి ఆలోచించే ఇంజినీర్ల ముందు నేటికీ ఉన్నది ఈ లెక్కే.

నమ్మశక్యమైన దృశ్యం, సరైన సైన్స్ ఇక్కడ ఒకే చక్రంలో కుదిరాయి. బహుమతి మాత్రం దృశ్యానికే వచ్చింది.

1982: ఒకే ఏడాదిలో ఎన్నో పాఠాలు

దీనికి ముందే ‘స్టార్ వార్స్’ (1977) ఉత్తమ చిత్రం నామినేషన్ పొంది, 6 ఆస్కార్లు, శబ్ద ప్రభావాలకు ఒక ప్రత్యేక పురస్కారం గెలుచుకుంది. ఉత్తమ చిత్రం మాత్రం ‘యానీ హాల్’కు వెళ్లింది. 1982 చిత్రాల పోటీ ఇంకా ఆసక్తికరం. స్టీవెన్ స్పీల్‌బర్గ్ ‘ఇ.టి.’కి 9 నామినేషన్లు. ఎదురుగా ఉన్నది రిచర్డ్ అటెన్‌బరో ‘గాంధీ’. 1983 ఏప్రిల్‌లో ఫలితాలు వచ్చేసరికి ‘గాంధీ’కి 8, ‘ఇ.టి.’కి 4. ఆ నాలుగూ సంగీతం, శబ్దం, శబ్ద ప్రభావాల ఎడిటింగ్, విజువల్ ఎఫెక్ట్స్ విభాగాల్లోనివి.

‘గాంధీ’ దుస్తుల రూపకల్పనకు భాను అథయ్యా ఆస్కార్ అందుకున్న తొలి భారతీయురాలయ్యారు. ఆమెతో ఆ పురస్కారాన్ని పంచుకున్న జాన్ మొల్లో, అంతకు ఐదేళ్ల ముందు ‘స్టార్ వార్స్’ దుస్తులకు ఆస్కార్ గెలిచినవారే. సబర్మతి ఆశ్రమం ఖద్దరూ, ఎక్కడో గెలాక్సీలోని సైనికుల కవచాలూ ఒకే నిపుణుడి ఖాతాలో చేరాయన్నమాట. ఊహా ప్రపంచమైనా, చరిత్ర అయినా చూసేవారిని నమ్మించడమే ఆ కళ పని.

భారతీయులకు ‘ఇ.టి.’తో ఇంకో ముడి ఉంది. సత్యజిత్ రాయ్ 1960ల చివర్లో ‘ది ఏలియన్’ పేరుతో ఒక స్క్రిప్ట్ రాశారు. బెంగాల్ పల్లెలో దిగిన గ్రహాంతర జీవికీ, ఒక పిల్లవాడికీ మధ్య స్నేహం దాని కథ. హాలీవుడ్ సంస్థ కొలంబియాతో చర్చలు జరిగినా సినిమా రూపుదిద్దుకోలేదు. తర్వాత ‘ఇ.టి.’ వచ్చినప్పుడు తన స్క్రిప్ట్‌తో పోలికలున్నాయని రాయ్ అన్నారు, స్పీల్‌బర్గ్ దాన్ని కాదన్నారు. 1992లో రాయ్‌కు గౌరవ ఆస్కార్ దక్కింది. ఆయన తలపెట్టిన ఆ సైన్స్ ఫిక్షన్ చిత్రం మాత్రం కాగితం మీదే మిగిలింది.

అదే ఏడాది వచ్చిన ‘ట్రాన్’ కథ మరీ విచిత్రం. కంప్యూటర్ లోపలి లోకాన్ని చూపడానికి, పూర్తిగా కంప్యూటర్‌పై సృష్టించిన దృశ్యాలను అంత విస్తృతంగా వాడిన తొలి చిత్రాల్లో అదొకటి. విజువల్ ఎఫెక్ట్స్ నామినేషన్ల జాబితాలో ‘ఇ.టి.’, ‘బ్లేడ్ రన్నర్’, ‘పోల్టర్‌గైస్ట్’ ఉన్నాయి, ‘ట్రాన్’ లేదు. కంప్యూటర్ వాడటాన్ని అప్పట్లో మోసంగా చూశారని దర్శకుడు స్టీవెన్ లిస్‌బర్గర్ తర్వాతి కాలంలో చెప్పారు.

ఆ చిత్రానికి పనిచేసిన సంస్థల్లో ఒకదానిలో కెన్ పెర్లిన్ అనే యువకుడు ఉన్నాడు. కంప్యూటర్ గీసిన వస్తువులన్నీ మరీ నున్నగా, యంత్రంలోంచి ఊడిపడ్డట్టు కనిపించడం అతడికి నచ్చలేదు. ప్రకృతిలో మేఘం, పాలరాయి, మంట ఏదీ పూర్తిగా క్రమంగా ఉండదు, అలాగని పూర్తిగా గందరగోళంగానూ ఉండదు. పక్కపక్క బిందువుల మధ్య మార్పు మెల్లగా సాగుతుంది. ఈ ‘మెత్తని యాదృచ్ఛికత’ను అతడు గణిత సూత్రంగా రాశాడు. పెర్లిన్ నాయిస్‌గా పేరొందిన ఆ పద్ధతి నేడు సినిమాల నుంచి వీడియో గేముల దాకా అన్నిచోట్లా ఉంది. 1997లో అకాడమీ అతడికి సాంకేతిక పురస్కారం ఇచ్చింది. సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్ నామినేషన్ కూడా దక్కలేదు, దాన్నుంచి పుట్టిన గణితానికి పదిహేనేళ్ల తర్వాత గౌరవం లభించింది.

అకాడమీ ఏటా విడిగా ఇచ్చే శాస్త్ర, సాంకేతిక పురస్కారాలు ఇలాంటి ఆవిష్కరణలకే. పుణెకు చెందిన ఇంజినీర్ వికాస్ సాఠే 2018లో మరో ముగ్గురితో కలిసి ఈ పురస్కారం అందుకున్నారు. ఎగురుతున్న హెలికాప్టర్ నుంచి కూడా కుదుపుల్లేకుండా చిత్రీకరించే షాటోవర్ కె1 కెమెరా వ్యవస్థకు అది దక్కింది. టీవీలో ప్రసారమయ్యే ప్రధాన వేడుకలో ఈ బహుమతులు ఇవ్వరు కాబట్టి వాటి గురించి తెలిసినవారు తక్కువ.

ఐదు పదైన తర్వాత

ఉత్తమ చిత్రం విభాగంలో 1940ల నుంచి 2008 చిత్రాల వరకు ఐదింటికే చోటుండేది. ఆ కాలంలో సందేహం లేకుండా సైన్స్ ఫిక్షన్ అనగలిగిన వాటిలో అక్కడిదాకా వచ్చినవి ‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’, ‘స్టార్ వార్స్’, ‘ఇ.టి.’ వంటి కొన్నే. 2009 చిత్రాల నుంచి అకాడమీ నామినేషన్ల సంఖ్యను పదికి పెంచింది. ఆ మొదటి ఏడాదే ‘అవతార్’, ‘డిస్ట్రిక్ట్ 9’ రెండూ జాబితాలోకి వచ్చాయి. ఆ తర్వాత ‘ఇన్‌సెప్షన్’, ‘గ్రావిటీ’, ‘హర్’, ‘ది మార్షియన్’, ‘అరైవల్’, ‘డ్యూన్’ వరుస కట్టాయి. సినిమాలు ఒక్కసారిగా మెరుగుపడ్డాయని కాదు, తలుపు వెడల్పయింది.

ఓట్ల లెక్కింపూ మారింది. ఉత్తమ చిత్రానికి సభ్యులు తమకు నచ్చిన వరుసలో ర్యాంకులు ఇస్తారు. అందరికంటే తక్కువ మొదటి ర్యాంకులు వచ్చిన సినిమాను తీసేసి, దానికి వేసినవారి ఓట్లను వారి తర్వాతి ఎంపికకు కలుపుతారు. ఏదో ఒక చిత్రం సగం దాటేవరకు ఇలా సాగుతుంది. కొందరికి విపరీతంగా నచ్చి, మిగతావారికి అసలు నచ్చని సినిమాకు ఇక్కడ గెలుపు కష్టం. ఎక్కువమందికి రెండో, మూడో ఎంపికైనా కాగలిగినది గట్టెక్కుతుంది. 2017 చిత్రాల్లో ఉత్తమ చిత్రంగా నిలిచిన ‘ది షేప్ ఆఫ్ వాటర్’లో ప్రయోగశాల, నీటిమనిషి ఉన్నా గుండె ప్రేమకథదే. ‘ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్’లో సమాంతర విశ్వాలున్నా అసలు కథ తల్లీకూతుళ్లది.

ఆ సమాంతర విశ్వాల మాటా చూద్దాం. క్వాంటం కొలతల్లో సాధ్యమైన ఫలితాలన్నీ వేర్వేరు శాఖల్లో నిజమవుతాయన్న ఆలోచనను అమెరికా భౌతికశాస్త్రవేత్త హ్యూ ఎవరెట్ 1957లో ప్రతిపాదించారు. భౌతికశాస్త్రజ్ఞులు ఇప్పటికీ చర్చిస్తున్న వ్యాఖ్యానాల్లో అదొకటి. అయితే ఎవరెట్ చిత్రంలో ఒక శాఖలోనివారు మరో శాఖలోనివారితో మాట్లాడలేరు, అక్కడి నైపుణ్యాలను అరువు తెచ్చుకోలేరు. సినిమా మొత్తం నడిచేది ఆ అరువు మీదే. ఇక్కడ సైన్స్ ఒక ఉపమానం మాత్రమే, దర్శకులు దాన్ని దాచలేదు కూడా.

ఐరోపా చలనచిత్రోత్సవాల్లో కొద్దిమంది జ్యూరీ సభ్యులు కూర్చుని చర్చించి తేలుస్తారు. అక్కడ దారి వేరుగా కనిపిస్తుంది. ఎఫెక్టులు, సెట్టింగులు ఏమీ లేకుండా నాటి పారిస్ వీధుల్లోనే భవిష్యత్ నగరాన్ని చూపిన గొడార్డ్ ‘ఆల్ఫావిల్’ 1965లో బెర్లిన్‌లో గోల్డెన్ బేర్ గెలిచింది. తార్కోవ్‌స్కీ ‘సొలారిస్’కు 1972లో కాన్ ఉత్సవంలో జ్యూరీ ప్రత్యేక గ్రాండ్ ప్రి దక్కింది. ఎంపిక పద్ధతి మారితే బహుమతి సినిమాలోని ఏ గుణాన్ని పట్టుకుంటుందో అదీ మారుతుంది.

‘గ్రావిటీ’: నిశ్శబ్దం నిజం, ప్రయాణం అబద్ధం

ఆల్ఫోన్సో క్యురాన్ ‘గ్రావిటీ’ (2013) 10 నామినేషన్లకు 7 గెలిచింది. దర్శకత్వం, ఛాయాగ్రహణం, శబ్దానికి రెండు పురస్కారాలు అందులో ఉన్నాయి. ఉత్తమ చిత్రం ‘12 ఇయర్స్ ఎ స్లేవ్’కు వెళ్లింది.

శబ్దానికి వచ్చిన ఆస్కార్లు ప్రత్యేకంగా చెప్పుకోదగ్గవి. శబ్దం ప్రయాణించడానికి గాలి, నీరు, లోహం వంటి మాధ్యమం కావాలి. అంతరిక్ష శూన్యంలో అది లేదు. ‘స్టార్ వార్స్’లో ఓడలు పేలితే హాలు దద్దరిల్లుతుంది. ‘గ్రావిటీ’లో శకలాలు తగిలి అంతరిక్ష కేంద్రం ముక్కలవుతున్నా పేలుడు శబ్దం వినపడదు. వ్యోమగామి చెయ్యి దేన్నైనా తాకినప్పుడు చేతి తొడుగు, సూట్ ద్వారా పాకే మందమైన కంపనాలే వినిపిస్తాయి. సరైన భౌతికశాస్త్రం నేరుగా బహుమతి తెచ్చిన అరుదైన సందర్భమిది.

ప్రయాణం దగ్గరికొచ్చేసరికి లెక్క తప్పింది. సినిమాలో వ్యోమగాములు హబుల్ టెలిస్కోప్ నుంచి వీపున కట్టుకున్న చిన్న జెట్ సాయంతో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళతారు. హబుల్ కక్ష్య భూమధ్యరేఖతో చేసే కోణం 28.5 డిగ్రీలు, అంతరిక్ష కేంద్రానిది 51.6 డిగ్రీలు. ఎత్తులోనూ వంద కిలోమీటర్లకు పైగా తేడా ఉంది. ఆ ఎత్తులో ఏ వస్తువైనా సెకనుకు 7.6 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటుంది. అంత వేగాన్ని 23 డిగ్రీలు పక్కకు మళ్లించాలంటే అన్నీ అనుకూలించినా సెకనుకు దాదాపు 3 కిలోమీటర్ల వేగ మార్పు కావాలి. నాసా 1984లో వాడిన వీపు జెట్ ఇవ్వగలిగింది సెకనుకు సుమారు 25 మీటర్లే. అంటే అలాంటివి 120 కావాలి. అంతరిక్షంలో దూరం కంటే వేగం తేడానే పెద్ద అడ్డంకి. పక్కనే కనిపిస్తున్నది కూడా చేరలేనంత ‘దూరం’ కావచ్చు.

ఈ తప్పు కంటే ముఖ్యమైనది ఆ సినిమా మోసుకొచ్చిన హెచ్చరిక. అందులో ఆపదకు మొదలు, రష్యా తన సొంత ఉపగ్రహాన్ని క్షిపణితో కూల్చడం. ఒక ఢీకొనడం నుంచి పుట్టిన శకలాలు మరికొన్నింటిని కొట్టి, ఆ గొలుసు ఆగకుండా సాగే ప్రమాదాన్ని నాసా శాస్త్రవేత్త డొనాల్డ్ కెస్లర్ 1978లోనే వివరించారు. 2009 ఫిబ్రవరిలో అమెరికాకు చెందిన ఇరిడియం ఉపగ్రహం, పనిచేయని రష్యా కాస్మోస్ ఉపగ్రహం నిజంగానే ఢీకొన్నాయి. సినిమా వచ్చిన ఎనిమిదేళ్లకు, 2021 నవంబరు 15న, రష్యా తన పాత ఉపగ్రహం కాస్మోస్ 1408ను క్షిపణితో పేల్చింది. అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగాములు తమ తిరుగు ప్రయాణ నౌకల్లోకి వెళ్లి తలదాచుకోవాల్సి వచ్చింది.

ఈ సినిమాకు ఆంధ్ర తీరంతో కూడా ఒక సంబంధం ఉంది. మంగళయాన్ 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయల్దేరింది. ఆ ప్రాజెక్టు ఖర్చు సుమారు 450 కోట్ల రూపాయలు. ‘గ్రావిటీ’ నిర్మాణానికి అయినది సుమారు 10 కోట్ల డాలర్లు. మన అంగారక యాత్ర ఆ హాలీవుడ్ సినిమా కంటే చవక అని 2014 జూన్ 30న ప్రధాని నరేంద్ర మోదీ అన్నది కూడా శ్రీహరికోటలోనే.

‘ఇంటర్‌స్టెల్లార్’: అచ్చయిన బొమ్మ, గెలిచిన బొమ్మ

క్రిస్టఫర్ నోలన్ ‘ఇంటర్‌స్టెల్లార్’ (2014)కు 5 నామినేషన్లు వచ్చాయి. ఉత్తమ చిత్రం అందులో లేదు. గెలిచింది విజువల్ ఎఫెక్ట్స్. సైన్స్‌కూ బహుమతికీ మధ్య బంధం అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది ఇక్కడే.

సినిమాలోని కృష్ణబిలం ‘గార్గాంటువా’ను సాపేక్ష సిద్ధాంత నిపుణుడు కిప్ థార్న్ ఇచ్చిన సమీకరణాలతో డబుల్ నెగటివ్ సంస్థ కంప్యూటర్‌పై సృష్టించింది. కృష్ణబిలం దగ్గర కాంతి వంగుతుంది. అందువల్ల చుట్టూ తిరిగే వేడి వాయువు పళ్లెంలో బిలం వెనుక దాగాల్సిన భాగం కూడా పైనుంచి, కింద నుంచి వంగి వచ్చి కనిపిస్తుంది. తెరపై మనం చూసిన ఆ వెలుగు వలయం పుట్టింది అలా. కొన్ని ఫ్రేములను లెక్కించడానికి ఒక్కోదానికి 100 గంటల వరకు పట్టింది.

అయితే అసలు లెక్క ప్రకారం పళ్లెంలో మన వైపు దూసుకొచ్చే సగం బాగా ప్రకాశవంతంగా, దూరమయ్యే సగం మసకగా ఉండాలి. రైలు దగ్గరికొస్తున్నప్పుడు కూత స్థాయి పెరిగినట్టే, వేగంగా దగ్గరయ్యే కాంతి రంగూ తీవ్రతా పెరుగుతాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్-పియర్ ల్యుమినె 1979లో కంప్యూటర్ లెక్కల ఆధారంగా చేత్తో చుక్కలు పెట్టి గీసిన బొమ్మలోనే ఈ తేడా కనిపిస్తుంది. ప్రేక్షకుడు తికమకపడతాడని నోలన్ బృందం దాన్ని సినిమాలో తీసేసింది.

బిలం భ్రమణం సంగతీ అంతే. ఆ బిలం దగ్గరి గ్రహంపై 1 గంట గడిస్తే భూమిపై 7 ఏళ్లు గడుస్తాయని కథ. అంటే 1 గంటకు 61 వేల గంటలకు పైగా. అంత తేడా రావాలంటే బిలం దాదాపు గరిష్ఠ వేగంతో తిరగాలి. అప్పుడు దాని నీడ ఒక పక్క అణిగిపోయి కనిపిస్తుంది. అందుకని బొమ్మ కోసం భ్రమణాన్ని తగ్గించారు. కథలో ఒక బిలం, తెరపై మరో బిలం.

దిద్దని బొమ్మలు ఏమయ్యాయి? డబుల్ నెగటివ్‌కు చెందిన ముగ్గురు, కిప్ థార్న్ కలిసి వాటిని ‘క్లాసికల్ అండ్ క్వాంటం గ్రావిటీ’ అనే పరిశోధన పత్రికలో ప్రచురించారు. వ్యాసం వెలువడింది 2015 ఫిబ్రవరిలో. రచయితల్లో ఒకరైన పాల్ ఫ్రాంక్లిన్ ఆస్కార్ అందుకున్నదీ ఆ నెలలోనే. సరళం చేసిన బొమ్మ వేదికెక్కింది, సరైన బొమ్మ పత్రికలో అచ్చయింది. 2019 ఏప్రిల్ 10న ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ బృందం 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎం87 కృష్ణబిలం తొలి చిత్రం విడుదల చేసింది. దాని వలయం ఒక పక్క స్పష్టంగా ప్రకాశవంతంగా ఉంది, సినిమా తీసేసిన ఆ తేడాతోనే.

ఒకే రాత్రి బాంబు, భూతం

2024 మార్చిలో ‘ఓపెన్‌హైమర్’ ఉత్తమ చిత్రం సహా 7 ఆస్కార్లు గెలిచింది. అది సైన్స్ ఫిక్షన్ కాదు, చరిత్ర. అదే రాత్రి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ జపాన్ చిత్రం ‘గాడ్జిల్లా మైనస్ వన్’కు దక్కింది. హైడ్రోజన్ బాంబు పరీక్షల భయం నుంచి 1954లో జపాన్ తెరపై పుట్టిన భూతం గాడ్జిల్లా. అణుబాంబును తయారుచేసిన మనిషి కథా, అణుబాంబు దెబ్బతిన్న దేశం ఊహించిన భూతం కథా ఒకే వేదికపై నిలిచాయి. దర్శకుడు తకాషి యమజాకి స్వయంగా ఆ ఆస్కార్ అందుకున్నారు. దర్శకుడే విజువల్ ఎఫెక్ట్స్ పురస్కారం గెలవడం కుబ్రిక్ తర్వాత అదే. సుమారు 35 మంది బృందం 610 షాట్లు చేసింది. ఊహలో బలముంటే వందల మంది అక్కర్లేదని అది నిరూపించింది.

మన దేశంలో

మన జాతీయ చలనచిత్ర పురస్కారాల్లోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. తెలుగులో ‘రోబో’గా వచ్చిన శంకర్ ‘ఎందిరన్’ (2010)కు స్పెషల్ ఎఫెక్ట్స్, ప్రొడక్షన్ డిజైన్ పురస్కారాలు వచ్చాయి. కాల ప్రయాణంపై తీసిన తమిళ చిత్రం ‘24’ (2016)కు ఛాయాగ్రహణం, ప్రొడక్షన్ డిజైన్ విభాగాల్లో దక్కాయి. నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏడీ’ని తెలంగాణ ప్రభుత్వం 2024 సంవత్సరానికి గద్దర్ పురస్కారాల్లో ప్రథమ ఉత్తమ చిత్రంగా ఎంపిక చేసింది. 1991లో ‘ఆదిత్య 369’తో కాలయంత్రాన్ని చూసిన తెలుగు ప్రేక్షకులకు ఈ తరహా కొత్త కాదు. మన కళాకారుల చేయి విదేశీ విజయాల్లోనూ ఉంది. ‘ఇంటర్‌స్టెల్లార్’కు పనిచేసిన డబుల్ నెగటివ్ 2014లో ముంబైకి చెందిన ప్రైమ్ ఫోకస్ గొడుగు కిందికి వచ్చింది. ఆస్కార్ గెలిచిన ‘డ్యూన్’లో భారత్‌లోని దాని స్టూడియోల పని ఉంది.

లోటు ఒక్కటే. కథలో సైన్స్‌ను నిజాయితీగా వాడినందుకు ప్రధాన పురస్కారాల్లో చోటు లేదు. అది అసాధ్యమేమీ కాదు. అమెరికాలోని సన్‌డాన్స్ చిత్రోత్సవంలో స్లోన్ ఫౌండేషన్ ఇచ్చే బహుమతి, సైన్స్‌ను ఇతివృత్తంగా తీసుకున్న లేదా శాస్త్రవేత్తను ప్రధాన పాత్రగా చేసిన చిత్రాలకే. 2004లో దాన్ని గెలిచిన ‘ప్రైమర్’ కేవలం 7 వేల డాలర్లతో తీసిన కాల ప్రయాణ చిత్రం. 2012లో ఆ బహుమతిని పంచుకున్న రెండు చిత్రాల్లో ఒకటైన ‘వ్యాలీ ఆఫ్ సెయింట్స్’ కథ కశ్మీర్‌లోని దాల్ సరస్సు మీద నడుస్తుంది. అందులో సరస్సు కాలుష్యాన్ని పరిశీలించే పరిశోధకురాలు ప్రధాన పాత్ర. ఏ గ్రహాంతర జీవీ లేకుండానే సైన్స్ కథలోకి రాగలదనడానికి అదొక ఉదాహరణ.

చూసేటప్పుడు మూడు ప్రశ్నలు

బహుమతి పొందిన సైన్స్ ఫిక్షన్ సినిమా చూస్తున్నప్పుడు, తరగతి గదిలో చూపించేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. బహుమతి ఏ విభాగంలో వచ్చింది? ఆ విభాగం కొలిచేది ఏమిటి? తెరపై కనిపించిన దాన్ని హైస్కూలు లెక్కతో ఒక్కసారి సరిచూస్తే ఏం తేలుతుంది?

ఈ ప్రశ్నలతో చూస్తే ‘2001’ చక్రం వృత్తాకార చలనానికి పాఠమవుతుంది. ‘గ్రావిటీ’ నిశ్శబ్దం శబ్దానికీ, అందులోని తప్పు కక్ష్యలకూ పాఠాలవుతాయి. ‘ఇంటర్‌స్టెల్లార్’ వలయం కాంతి ఎలా వంగుతుందో నేర్పుతుంది, అందులో లేని మసక సగం డాప్లర్ ప్రభావాన్ని నేర్పుతుంది. సినిమాలోని తప్పు పట్టుకోవడం దాన్ని చిన్నబుచ్చడం కాదు. ఎక్కడ కథ కోసం సైన్స్ పక్కకు జరిగిందో తెలిసిన ప్రేక్షకుడు కథనూ ఆస్వాదిస్తాడు, సైన్స్‌నూ పోగొట్టుకోడు. ఆస్కార్ ప్రతిమ మంచి పనికి గుర్తే. కానీ అది శాస్త్రీయతకు వేసిన ముద్ర కాదు. ఆ ముద్ర వేయాల్సింది కాగితం, పెన్ను పట్టుకుని లెక్క చూసే ప్రేక్షకుడే.